ఇంటేక్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి: హార్బర్ పికప్ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, మీరడిగింది ఇదీ: బండి 2018 బొలెరో పికప్. ఫిషింగ్ హార్బర్‌లో చేపలెత్తుకుని వారానికి మూడుసార్లు అరకు వెళ్తారు. ఈమధ్య అనంతగిరి ఘాట్‌లో లాగడం లేదు, నల్ల పొగ వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కితే బానెట్ లోంచి ఈల వేసినట్టు చప్పుడు. మెకానిక్ చూసి ఇంటేక్ మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ పోయిందన్నాడు, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టం ఇంజిన్ హెడ్‌కి కలిసే అతుకులో గాలి పోకుండా వేసే పలుచని ముక్క. సోమవారం బండి ఖాళీగా ఉంటుంది కాబట్టి మీరూ మీ బావమరిదీ కలిసి మార్చుకుందామనుకుంటున్నారు. ఏమేం సిద్ధం చేసుకోవాలి, పాత ప్యాకింగ్ మీదే అనబాండ్ (అతుకులు మూసే పేస్టు) పూసి బిగిస్తే కుదరదా అని మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. పానా పట్టడం అలవాటున్న ఇద్దరు కూర్చుంటే ఒక రోజులో అయ్యే పనే ఇది, మీరు చేసుకోగలరు. కానీ సోమవారం పని సోమవారమే పూర్తవ్వాలంటే గురువారం నుంచే మొదలుపెట్టాలి. కావలసిన సామాను మొత్తం చేతికి వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. అనబాండ్ ఆలోచన మానుకోండి, ఎందుకో కింద చెబుతాను.

గాజువాక ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా డీజిల్ ఇంజిన్లు చేస్తున్నాను. ఈ పనిలో విప్పడం రాక చెడిన బండ్లు తక్కువ. విప్పాక ఏదో ఒకటి దొరక్క, తెరిచిన ఇంజిన్ అలాగే ఉండిపోయి చెడినవే ఎక్కువ. అందులో ఒకటి నా చేతిలోనే చెడింది. 2014 అక్టోబరు 10, శుక్రవారం. ఒక డీజిల్ పికప్ మ్యానిఫోల్డ్ విప్పాను. ప్యాకింగ్ రేపొస్తుందని షాపువాళ్లన్నారు, ఆ మాట మీద విప్పేశాను. శనివారం రాలేదు. హెడ్‌లోకి గాలి వెళ్లే రంధ్రాల్లో, అంటే పోర్టుల్లో, కాటన్ వేస్ట్ కుక్కి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి ఇంటికెళ్లిపోయాను. ఆదివారం 12న హుద్‌హుద్ తుపాను విశాఖలోనే తీరం దాటింది. షెడ్డు రేకులు లేచిపోయాయి. కరెంటు లేదు, దారులన్నీ చెట్లే. వారం తర్వాత ఆ బండి దగ్గర నిలబడేసరికి, ఇంటేక్ వాల్వులు తెరుచుకుని ఉన్న సిలిండర్లోకి ఉప్పు కలిసిన వాన నీళ్లు దిగిపోయి, పిస్టన్ రింగులు పట్టేసి ఉన్నాయి. చిన్న ప్యాకింగ్ పని సగం ఇంజిన్ పని అయింది. ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను. తుపాను వస్తోందని రేడియో చెబుతూనే ఉంది. ప్యాకింగ్ చేతిలో లేకుండా విప్పడం నా తప్పే. ఆ రోజు నుంచి సామాను బల్ల మీద పేర్చాకే బోల్టు ముట్టుకుంటున్నాను.

ముందు జబ్బు అదేనా అని తేల్చుకోండి. మీ మెకానిక్‌ని తప్పుపట్టడం లేదు. కానీ మీరు చెప్పిన లక్షణాలు ఇంకో నాలుగు కారణాల వల్ల కూడా వస్తాయి. మీది 2523 సీసీ టర్బో డీజిల్. టర్బో నొక్కిన గాలి, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ మీదుగా మ్యానిఫోల్డ్‌లోకి వస్తుంది. దారిలో ఎక్కడ సందున్నా గాలి బయటికి తన్నేస్తుంది. కంప్యూటర్ మాత్రం గాలి వచ్చిందనుకుని డీజిల్ పోస్తుంది. గాలి చాలని డీజిల్ సగం కాలి నల్ల పొగ అవుతుంది. లోడు లేని రోడ్డు మీద టర్బో పెద్దగా గాలి నొక్కదు కాబట్టి విశాఖ ఊళ్లో ఎన్‌ఏడీ నుంచి మద్దిలపాలెం దాకా బండి బాగానే ఉన్నట్టు ఉంటుంది. చేపలు, ఐసు వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడే బయటపడుతుంది.

ఆ సందు ప్యాకింగ్ దగ్గరే ఉండక్కర్లేదు. టర్బో హోస్ పగిలినా, ఇంటర్‌కూలర్ దగ్గర క్లిప్పు వదులైనా ఇదే ఈల, ఇదే పొగ. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయినా, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కున్నా ఈల ఉండదు గానీ పొగ, లాగకపోవడం రెండూ ఉంటాయి. పోయిన ఏడాది భీమిలి వైపు నుంచి ఒక బండి ఇదే మాటతో నా దగ్గరకొచ్చింది, కొత్త ప్యాకింగ్ కూడా కొనుక్కొచ్చారు. చూస్తే కింది హోస్ లోపలి వైపు, చేతికి తప్ప కంటికి ఆనని చోట చీలిక. హోస్ మార్చి పంపించాను, మ్యానిఫోల్డ్ ముట్టుకోలేదు.

తేల్చుకునే పద్ధతి చెబుతాను. చల్లగా ఉన్న ఇంజిన్ మీద, మ్యానిఫోల్డ్ హెడ్‌కి కలిసే అతుకు చుట్టూ టార్చి వేసి చూడండి. గాలి తన్నే చోట నూనె తడితో మసి చార ఉంటుంది. ఆ చార తుడిచి, రెండు రోజులు బండి నడిపి, మళ్లీ అక్కడే వచ్చిందేమో చూడండి. ఇంకా అనుమానముంటే సబ్బు నీళ్లు బ్రష్‌తో అతుకంతా పూసి, ఒకరు మెల్లగా రేజ్ చేస్తుంటే ఇంకొకరు దూరంగా నిలబడి బుడగల కోసం చూడాలి. ఫ్యానుకీ బెల్టుకీ చేతులు, లుంగీ, తువ్వాలు తగలకుండా చూసుకోండి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి నేరుగా పైపులో పెట్టొద్దు. రెగ్యులేటర్ ఉంటే అర బార్ లోపు పెట్టవచ్చు, లేకపోతే వద్దు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇంటర్‌నెట్ వీడియోల్లో ఇంటేక్ అతుకు మీద కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, ఇంజిన్ చప్పుడు మారితే లీకు అక్కడే అని చూపిస్తారు. అవి పెట్రోల్ బండ్లు. పెట్రోల్ ఇంజిన్ మ్యానిఫోల్డ్‌లో ఐడిల్ మీద వాక్యూమ్ ఉంటుంది, లీకు బయటి నుంచి లోపలికి పీలుస్తుంది. మీ బండిలో గాలి లోపలి నుంచి బయటికి తన్నుతుంది, ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పైగా మండే స్ప్రే డీజిల్ ఇంజిన్‌లోకి పోతే గ్లో ప్లగ్గు (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ని వేడి చేసేది) వేడికి లోపలే భగ్గుమంటుంది. డీజిల్ బండి మీద ఆ స్ప్రే పరీక్ష చేయొద్దు.

ప్యాకింగే అని తేలిందనుకుందాం. ఇక సామాను.

స్పేర్ షాపుకి వెళ్లేటప్పుడు బండి పేరు చెప్పి అడగొద్దు, 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఆర్‌సీ చూసి రాసుకెళ్లండి. ఒకే పేరుతో బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6 అని వేర్వేరు పొగ ప్రమాణాల బండ్లు రోడ్డు మీద ఉన్నాయి, ప్యాకింగ్ పోర్టుల ఆకారం, ఈజీఆర్ అతుకు మారిపోతాయి. మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక్కటే తెచ్చుకుంటే సగం సామాను తెచ్చుకున్నట్టే. మ్యానిఫోల్డ్ బయటికి రావాలంటే ఈజీఆర్ పైపు విప్పాలి, దానికి వేరే ప్యాకింగ్. గాలి లోపలికొచ్చే మోచేతి పైపుకి ఇంకో ప్యాకింగో, ఓరింగో (రబ్బరు రింగు) ఉంటుంది. గాలి పీడనం చూసే సెన్సారుకి చిన్న ఓరింగ్. హోసు క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే అవి కూడా కొత్తవి. మీది రోజూ ఉప్పు నీళ్లు కారే బండి కాబట్టి మ్యానిఫోల్డ్ స్టడ్లు (తల లేని బోల్టులు), నట్లు ఓ నాలుగు అదనంగా తెచ్చుకోండి. వాడకపోతే షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారా అని ముందే అడగండి. ఇంటికొచ్చాక కొత్త ప్యాకింగ్‌ని కవరు లోంచి తీసి మడత పడిందేమో చూసి, మళ్లీ అట్ట మీద బల్లపరుపుగా పెట్టండి. గోడకి మేకు కొట్టి తగిలించొద్దు.

కొన్ని ఇంజిన్లలో ఇంటేక్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లు ఒకే వైపు ఉంటాయి, కొన్నింటిలో ఎదురెదురుగా ఉంటాయి. ఒకే వైపున్న బండికి ప్యాకింగ్ కూడా రెండింటికీ కలిపి ఒకటే ఉండవచ్చు. అలాంటప్పుడు పని రెట్టింపు. షాపులో ప్యాకింగ్ చేతికిచ్చినప్పుడే ఆ సంగతి తెలిసిపోతుంది.

సోమవారం ఎంచుకోవడం మంచి పని. ఆదివారం ఆటోనగర్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి, సోమవారం ఏదన్నా తక్కువైతే పరుగెత్తుకెళ్లి తెచ్చుకోవచ్చు. వచ్చే ఏడాది నుంచి ఇలాంటి పనులు వేట నిషేధం రోజుల్లో పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు హార్బర్ బండ్లు ఎలాగూ సగం ఖాళీయే.

పానాలు: 10, 12, 13 నంబర్ల గొట్టం పానాలు, పొడుగు ఎక్స్‌టెన్షన్, రాచెట్, పెన్నులా సాగే అయస్కాంతం. వీటికంటే ముఖ్యం టార్క్ రెంచి, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా. లేకపోతే ఒక రోజుకి అద్దెకో, తెలిసిన మేస్త్రి దగ్గర అడిగో తెచ్చుకోండి. చేతి అంచనా మీద బిగిస్తానంటే నేనొప్పుకోను, నా దగ్గరున్న కుర్రాళ్లని కూడా బిగించనివ్వను. హెడ్ అల్యూమినియం అయితే ఇనుప బోల్టు గట్టిదే, దాన్ని పట్టుకునే లోహమే మెత్తన. అరిచేతి బలం కాస్త ఎక్కువైతే లోపలి మర ఊడి బోల్టుతో పాటు బయటికొస్తుంది, అప్పుడు లేత్ షాపులో హెలికాయిల్ (కొత్త మర కోసం వేసే తీగ చుట్ట) వేయించాలి. సాధారణంగా 8 మి.మీ. బోల్టుకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 6 మి.మీ. బోల్టుకి 8 నుంచి 10 మధ్య ఉంటుంది. అయినా మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకే లెక్క, అది ముందే కాగితం మీద రాసి బానెట్‌కి అంటించుకోండి. చేతులకి గ్రీజు అంటుకున్నాక ఫోన్ తీసి వెతకడం కుదరదు.

తుప్పు బోల్టుల సంగతి గురువారమే మొదలుపెట్టండి. మన ఊళ్లో సముద్రపు గాలి చాలు, పైన మీ బండిలో చేపల నీళ్లు. అల్యూమినియంలో ఇనుప స్టడ్ ఏళ్ల తరబడి కూర్చుంటే, ఉప్పు తడి తగిలి రెండు లోహాల మధ్య తెల్లటి పొడిలా పేరుకుని బిగుసుకుపోతుంది. వైర్ బ్రష్‌తో ప్రతి నట్టు చుట్టూ రుద్ది, తుప్పు నూనె కొట్టండి. మామూలు ఇంజిన్ ఆయిల్ పనికిరాదు, సందులోకి పాకే పలచటి నూనె కావాలి. గురువారం రాత్రి ఒకసారి, శుక్రవారం ట్రిప్పు అయి ఇంజిన్ చల్లారాక మళ్లీ, శనివారం మళ్లీ. బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లోహం సాగి ముడుచుకుంటుంది, నూనె కాస్త లోపలికి జరుగుతుంది. వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మీద మాత్రం కొట్టొద్దు, అంటుకుంటుంది.

సోమవారం విప్పేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం వంకర పోతుంది. నట్టు కదలకపోతే ఒకే వైపు లాగొద్దు. కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ నూనె. కిర్రుమని చప్పుడొస్తే ఆగండి. స్టడ్ విరిగితే అక్కడితో మీ పని ఆపి మేస్త్రిని పిలవండి. విరిగిన ముక్కకి నట్టు వెల్డింగ్ పెట్టి తిప్పడం మాకు రోజూ ఉండే పని. మీరు డ్రిల్లు పెడితే వాలుగా దిగి హెడ్ పాడవుతుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఇంజిన్ పైభాగమంతా బ్రష్‌తో, పొడి గుడ్డతో శుభ్రం చేయండి. అతుకు చుట్టూ ఉన్న ఇసుక, చేప పొలుసు, తుప్పు పొడి, అన్నీ విప్పిన క్షణంలో పోర్టులోకి పోవడానికి సిద్ధంగా ఉంటాయి. తర్వాత ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ప్రతి వైరు సాకెట్‌కీ, హోస్‌కీ కాగితం టేపు అంటించి నంబరు రాయండి. అట్టపెట్టె ముక్క మీద మ్యానిఫోల్డ్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్టు ఆ చోట గుచ్చండి. పొడుగులు తేడా ఉంటాయి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో పడితే అడుగు తన్ని, బిగిసినట్టు అనిపించి, ప్యాకింగ్ మాత్రం నొక్కుకోదు.

ఇంజక్టర్ పైపులు అడ్డమొస్తే జాగ్రత్త మరింత. కామన్ రైల్ డీజిల్‌లో ఆ సన్నని ఇనుప పైపుల్లో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటిని వదులు చేస్తే చిమ్ముకొచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటులా కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలాంటిది జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆ పైపులు కదపకుండా మ్యానిఫోల్డ్ రాకపోతే ఆ ఒక్క భాగం తెలిసిన మేస్త్రి చేత చేయించండి. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో ఒకసారి విప్పిన పైపుని మళ్లీ వాడొద్దని ఉంటుంది.

ఈజీఆర్ కూలర్ నీళ్ల హోసులు దారిలో ఉంటే కూలెంట్ కూడా దింపాలి. అది చల్లారాకే. తొట్టెలో పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు తాగి చచ్చిపోతాయి. మళ్లీ పోసేది కొత్త కూలెంట్, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. బోరు నీళ్లు వద్దు.

మ్యానిఫోల్డ్ బయటికొచ్చిన క్షణం నుంచి పోర్టులకి మీరే కాపలా. కాటన్ వేస్ట్ పెట్టొద్దు, దాని పీచు లోపల ఉండిపోతుంది. పాత ఎర్ర చొక్కా చింపి, ఒక్కో పోర్టుకి ఒక్కో ముక్క, అంచు బయటికి వేలాడేలా పెట్టండి. ఎన్ని పెట్టారో అట్ట మీద రాయండి. బిగించే ముందు అన్నీ లెక్కకి రావాలి, రాకపోతే బండి స్టార్ట్ చేయకూడదు. వాషర్ జారి లోపల పడితే సెల్ఫ్ కొట్టొద్దు, అయస్కాంతంతో తీయండి. అయస్కాంతానికి అంటని ముక్కైతే పైపు కెమెరాతో చూసి తీయాలి. కనబడని వాషర్ ఎక్కడికో పోయుంటుందిలే అనుకుని స్టార్ట్ చేసిన బండి పిస్టన్ నేను మార్చాను.

పాత ప్యాకింగ్ గీకడానికి వెదురు బద్ద గానీ ప్లాస్టిక్ బద్ద గానీ చెక్కి పెట్టుకోండి. ఉక్కు బద్ద అల్యూమినియం మీద గీత పెడుతుంది, ఆ గీత వెంటే గాలి పోతుంది. గ్రైండర్‌కి బిగించే రుద్దుడు చక్రాలు, ఉప్పు కాగితం అసలొద్దు. వాటి రాపిడి పొడి కంటికి కనబడకుండా పోర్టుల్లోంచి ఆయిల్‌లో కలిసి బేరింగుల్ని తినేస్తుంది.

మ్యానిఫోల్డ్ లోపల ఈజీఆర్ మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారులా పేరుకుని ఉంటుంది. మీ బండి వయసుకి తప్పకుండా ఉంటుంది, ఎలాగూ విప్పారు కాబట్టి శుభ్రం చేయండి. కిరసనాయిల్లో నానబెట్టి, సీసాలు తోమే బ్రష్‌తో తోమితే వస్తుంది. సెన్సారు ముందే తీసి పక్కన పెట్టండి. ఒక్క మాట: ఎవరైనా కాస్టిక్ సోడా తొట్టెలో వేద్దాం, పది నిమిషాల్లో తెల్లగా వస్తుందంటే ఇవ్వొద్దు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. తోమాక పూర్తిగా ఆరాలి, ఎండలో పెట్టి, గాలి కొట్టి, మళ్లీ ఎండలో. కిరసనాయిలు తడి మిగిలితే స్టార్ట్ చేయగానే డీజిల్ ఇంజిన్ దాన్నే తాగి, తాళం తీసేసినా ఆగకుండా రేజ్ అయిపోగలదు. ఇంటర్‌కూలర్ పైపుల్లో ఆయిల్ నిలిచి ఉంటే అదీ దింపేయండి.

ఆరాక స్టీల్ స్కేలు నిలువుగా, ఐమూలగా పెట్టి వంకర చూడండి. స్కేలు కింద 0.10 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచని రేకు) దూరితే నేను ఫేసింగ్‌కి, అంటే మిషన్ మీద చదును చేయించడానికి, పంపిస్తాను. ఆ పని చేసే లేత్ షాపు ఏదో, సోమవారం ఉంటుందో లేదో శనివారమే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక అనబాండ్. అది చెడ్డ సరుకు కాదు, సంపులకీ కవర్లకీ నేనూ వాడతాను. కానీ ఇంటేక్ అతుకులో పూస్తే బిగించినప్పుడు లోపలికి ఉబ్బి, ఎండి, పేలికలుగా ఊడి వాల్వుల దగ్గరికి పోతుంది. పైగా ప్యాకింగ్‌ని జారేలా చేసి సమంగా నొక్కనివ్వదు. మాన్యువల్‌లో ఫలానా మూలన చుక్క పెట్టమని ఉంటే పెట్టండి, లేకపోతే కొత్త ప్యాకింగ్‌ని పొడిగానే వేయండి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తో ఎక్కించండి. మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా చివరలకి, మూడు విడతల్లో టార్క్ అంకెకి చేరాలి. మ్యానిఫోల్డ్‌కి కింద ఆనుకునే బ్రాకెట్ ఉంటే దాని బోల్టు వదిలేయొద్దు. చేతికి అందదని చాలామంది వదిలేస్తారు. ఆ బరువంతా అదురుతూ ప్యాకింగ్ మీద పడి ఏడాది తిరక్కుండా మళ్లీ లీకవుతుంది. మీ బండి ప్యాకింగ్ ఎందుకు పోయిందో కూడా అక్కడే చూడండి, ఆ బోల్టు ఇప్పుడు ఉందా లేదా అని.

స్టార్ట్ చేశాక పది నిమిషాలు ఐడిల్ మీద ఉంచి, సబ్బు నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి. కూలెంట్ దింపి ఉంటే గాలి బుడగ పోయేదాకా నీటి మట్టం చూస్తూ ఉండాలి. వెంటనే చేపలేసుకుని ఘాట్‌కి వెళ్లొద్దు. ఖాళీ బండితో హైవే మీద అనకాపల్లి దాకా వెళ్లి రండి. వచ్చి చల్లారాక అన్ని హోసు క్లిప్పులూ ఒకసారి తడిమి చూడండి, మసి చార ఉన్న చోట తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ శుభ్రంగా వస్తే బుధవారం లోడు వేసుకోవచ్చు. నల్లగా వస్తే బండి కదపకుండా, ఆ గుడ్డ ఫొటో, అతుకు ఫొటో రెండూ పంపండి, చూసి చెబుతాను.